దాలమ్మ ముఖాన మొదటి ముడత

ఒకప్పుడు మనుషుల ముఖాల మీద ముడత అనేదే ఉండేది కాదు.

పసిపిల్ల బుగ్గ ఎంత నున్నగా ఉండేదో, ఆ పిల్ల ముత్తవ్వ బుగ్గ కూడా అంతే నున్నగా ఉండేది. జుట్టు నెరిసేది. పళ్లు ఊడేవి. నడుం వంగేది. ముఖం మాత్రం అప్పుడే పొట్టు ఒలిచిన ఉల్లిపాయలా మెరిసిపోయేది. తలకి గుడ్డ చుట్టుకుని కూర్చుంటే ఎవరు తల్లో, ఎవరు కూతురో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఒకసారి సింహాలు అనే ఆయన తన భార్యే అనుకుని, అత్తగారి చేతికి తమలపాకు చిలక చుట్టి ఇచ్చాడు. ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ అత్తగారు అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఎంత నవ్వినా ముడత పడేది కాదు. ఎందుకంటే పొద్దున్నే మంచుతల్లి వచ్చేది.

సూర్యుడు లేవకముందే ఆమె కొండ దిగి వచ్చేది. చంకన నీళ్ల కడవ, చేతిలో మెత్తటి తడిగుడ్డ. జనం నిద్రకళ్లతో అరుగుల మీద వరసగా కూర్చునేవారు. మంచుతల్లి ఒక్కొక్కరి ముఖం తుడుచుకుంటూ పోయేది. నిన్న నవ్విన నవ్వుకి పడ్డ గీత, ఏడ్చిన ఏడుపుకి పడ్డ గీత, ఎండలోకి చూసి కళ్లు చిట్లించుకుంటే పడ్డ గీత, అన్నీ ఆ తడిగుడ్డకి అంటుకుని పోయేవి.

కడవలో నీళ్లన్నీ మనుషులకే సరిపోయేవి. మొక్కలకి చుక్క మిగిలేది కాదు. తెల్లవారితే గడ్డిపరకలు పొడిపొడిగా నిలబడి ఉండేవి. "వాటికి గెడ్డ నీళ్లు ఉన్నాయిగా" అనుకుని ఎవరూ పట్టించుకునేవారు కాదు. గెడ్డ అంటే కొండ మీంచి ఊరి పక్కగా పారే వాగు. మంచుతల్లి కడవ నింపుకునేదీ ఆ గెడ్డలోనే.

అంతా బాగానే ఉండేది. ఒక ఏడు సూర్యుడి బుద్ధి పాడైంది.

"ఎక్కడ చూసినా ఏదో ఒక పచ్చటి మొక్క అడ్డం" అని సూర్యుడు గొణిగాడు. "మొక్క ఉంటే నీడ ఉంటుంది. నీడ ఉన్న చోట నేను ఉండలేను. ఇంత పెద్దవాణ్ణి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి నేల మీద నాకు జాగా లేదు. ఈ పచ్చదనం పోతే నేలంతా నాదే కదా!"

అనుకున్నదే తడవు, గెడ్డలో మూతి పెట్టి గటగటా తాగాడు. చెరువు తాగాడు. బావుల్లోకి వంగి అడుగు బురద దాకా పీల్చాడు. మనుషులకి కొండ రాళ్ల సందున చిన్న ఊట ఒక్కటి మిగిలింది. అది గొంతు తడుపుకోవడానికే చాలీచాలకుండా ఉండేది.

ఊరికి దిగువన చేను ఉంది. అందులో నువ్వులు చల్లారు. గట్టు మీద పసుపు వేశారు. దోసగింజలు పెట్టారు. కంచె పక్కన కలబంద దానంతట అదే మొలిచింది. మొలకలు అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి. ఇంతలోనే గెడ్డ ఎండింది. ఊళ్లో ఎవరి గాదెలోనూ గింజ లేదు. ఉన్న విత్తనమంతా ఆ చేలోనే ఉంది. అది చస్తే మళ్లీ చల్లడానికి ఏమీ ఉండదు.

సింహాలు భార్య పేరు దాలమ్మ. ఆమె గొంతు పెద్దది. ఆమె మెల్లగా మాట్లాడితే, ఒంట్లో బాగోలేదేమోనని చుట్టుపక్కలవాళ్లు వచ్చి అడిగేవారు. ఒకరోజు తెల్లవారేసరికి ఆ దాలమ్మ అరుగు మీద లేదు. చేలో ఉంది. దోసపాదు ముందు గొంతుక్కూర్చుని ఉంది.

"అమ్మా, ఒక్క చుక్క" అంది దోసపాదు. దాని ఆకులు చెవుల్లా వేలాడిపోతున్నాయి. "ఎక్కువ వద్దు. నాలుక తడిస్తే చాలు."

దాలమ్మ ఏం చేస్తుంది? ఆమె కడవా ఖాళీయే.

అప్పుడే మంచుతల్లి అటుగా వచ్చింది. ఇంతకు ముందు కడవ బరువుకి ఒక పక్కకి ఒరిగి నడిచేది. ఇప్పుడు నిటారుగా నడుస్తోంది. రాత్రంతా కొండ చెమ్మ ఒడిసిపట్టి తెచ్చిన నీళ్లు ఊరందరికీ వాడగా, కడవలో అడుగున నాలుగు గుక్కలే మిగిలాయి.

"ఇక్కడున్నావా దాలమ్మా? ముఖం ఇటు తిప్పు" అంది మంచుతల్లి.

"తల్లీ, నా ముఖం తుడవడానికి ఎన్ని నీళ్లు పడతాయి?"

"దోసెడు."

"ఆ దోసెడూ ఈ పాదుకి పొయ్యి."

మంచుతల్లి ఉలిక్కిపడింది. "నీకు తెలీదు. ఒక్కరోజు తుడవకపోతే నిన్నటి గీత నిలిచిపోతుంది. దాని మీద రేపటి గీత పడుతుంది. ఇంతవరకూ ఏ మనిషికీ అలా జరగలేదు."

"గీతే కదా" అంది దాలమ్మ. "గీత దాహమేస్తోందని ఏడవదు. ఈ పాదు ఏడుస్తోంది. పొయ్యి."

మంచుతల్లి పోసింది. దోసపాదు ఆ నీళ్లు చప్పరిస్తూ తాగి, ఒక ఆకు పైకెత్తి చూసింది. మర్నాడూ దాలమ్మ తన వాటా నీళ్లు చేనుకే పోయించింది. ఆ మర్నాడూ అంతే. దోసపాదు పాకింది. దాని పక్కనున్న నువ్వుమొక్కలు, "మాకూ, మాకూ" అన్నాయి. దాలమ్మ ఆ దోసెడునే సర్ది సర్ది పోయించింది.

ఒక పొద్దున సింహాలు అక్క రవణమ్మ నిప్పు కోసం వీళ్లింటికి వచ్చింది. రవణమ్మకి ముఖమంటే ప్రాణం. మంచుతల్లి రాగానే ఊళ్లో అందరికంటే ముందు అరుగు మీద కూర్చునేది ఆమే. దాలమ్మ ముఖం చూసి చేతిలో పిడక కింద పడేసింది.

"అయ్యో అయ్యో! ఏంటే ఇది? నీ కంటి పక్కన ఏదో పాకుతోంది!"

"పాకడం లేదు వదినా. అది గీత."

దాలమ్మ కంచు పళ్లెం తెచ్చి అందులో చూసుకుంది. కంటి చివర సన్నటి ముడత. నొసటి మీద ఇంకొకటి. భూమ్మీద మొట్టమొదటి ముడతలు అవే. ఆమె వేలితో నొక్కి చూసింది. పోలేదు. గట్టిగా రుద్దింది. పోలేదు. పళ్లెం పక్కన పెట్టి, గోడకి జేరబడి కాసేపు ఏడ్చింది. ధైర్యం ఉన్నవాళ్లకి ఏడుపు రాదని ఎవరన్నారు?

రవణమ్మకి జాలేసింది. ఆమె నోరు చెడ్డదే గానీ మనసు చెడ్డది కాదు. ఇంటికి పరుగెత్తి మీగడ తెచ్చి పట్టించింది. కుండ అడుగున మిగిలిన చిటికెడు శనగపిండి కలిపి రాసింది. తేనె పూసింది. బియ్యం కడిగిన నీళ్లతో కడుగుదామంటే, కడగడానికి బియ్యమూ లేవు, నీళ్లూ లేవు. చివరికి ఉత్త వేళ్లతోనే బుగ్గలు పైకి పైకి నిమిరింది. ముడత కదలలేదు. దాలమ్మ ముఖం మీదికి ఈగలు మాత్రం వచ్చాయి.

"చాలు వదినా" అంది దాలమ్మ ఈగలు తోలుకుంటూ. "మీగడ ఇలా పూసేకంటే నోట్లో వేసుకుంటే బాగుండేది."

ఊరంతా తెలిసింది. జనం గుంపులుగా వచ్చి చూశారు. పిల్లలు ఆమె నొసటిని ముట్టుకుని పారిపోయారు. సింహాలుకి తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి ఊట దగ్గరికి వెళ్లేటప్పుడు భార్య వెనకాల దూరంగా నడిచేవాడు. దాలమ్మ అది చూసింది. అడుగు ఆపకుండా ముందుకే నడిచింది. ఆమె వెనక్కి తిరగకపోవడం సింహాలుకి ఇంకా కష్టంగా ఉండేది.

ఈ సంగతి సూర్యుడికీ తెలిసింది. ఒక ముసలి తొండ మోసుకెళ్లి చెప్పింది. తొండ ఎప్పుడూ ఎండలోనే కూర్చుంటుంది, సూర్యుడు ఏమన్నా తల ఊపుతుంది. "ఎవరో ఆడమనిషి మంచునీళ్లు చేనుకి పోస్తోంది. నేను లేచేసరికే వేళ్లు తడిసిపోయి ఉంటున్నాయా? అందుకే చేను చావడం లేదన్నమాట!" అని సూర్యుడు మండిపడ్డాడు. వెంటనే తొండని ఊరికి పంపాడు.

తొండ ఊరి మధ్య రచ్చబండ ఎక్కి, తల పైకీ కిందికీ ఊపుతూ అంది. "సూర్యుడి మాట వినండి! మంచు నీళ్లు ఆయన తాగదలిస్తే ఎప్పుడో తాగేవాడు. మీ ముఖాల మీద జాలితో వదిలిపెట్టాడు. ఇకనుంచి ఆ నీళ్లు ముఖాలకే వాడాలి. చేనుకి చుక్క పోయకూడదు. చేను ఆయనది. అలా ఒప్పుకుంటే మీ ముఖాలు ఎప్పటికీ నున్నగా ఉంటాయి. ఒప్పుకోకపోతే మీ ఇష్టం. ఆ దాలమ్మ ముఖం చూసుకోండి!"

ఊరిపెద్ద బంగారయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన కోడలు నీళ్లు లేక బిడ్డకి పాలు పడక బాధపడుతోంది. ఆయన భయపడ్డాడంటే వింత లేదు.

"పెద్దవాడితో మనకెందుకు తగువు?" అన్నాడు బంగారయ్య. "చేను పోతే కొండ మీది దుంపలు తవ్వుకు తిందాం. ముఖం పోతే నలుగురిలో ఎలా తిరుగుతాం?"

చాలామంది అవునన్నారు. తొండ తల ఊపింది.

దాలమ్మ లేచింది. "బంగారయ్య బాబూ, దుంప దేనికి ఊరుతుంది? తీగకేగా? తీగ పచ్చగా ఉండదా? ఇవాళ చేను కావాలన్నాడు. రేపు ఆ తీగా కావాలంటాడు. ఎల్లుండి మన గుమ్మం ముందు తులసిమొక్క కావాలంటాడు. అప్పుడు నున్నటి ముఖాలేసుకుని ఏం తింటాం? ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చుంటామా?"

జనం తమ నున్నటి బుగ్గలు తడుముకున్నారు.

"మీ వాటా నీళ్లు మీ ఇష్టం. నేను అడగను" అంది దాలమ్మ. "నా వాటా మాత్రం నాది. నా ముఖం నాది. నా దోసెడు నీళ్లు ఎక్కడ పోయాలో సూర్యుడు నాకు చెప్పక్కర్లేదు. ఓ తొండా, ఆ మాట ఆయనకి చెప్పు."

"నేను చెప్పలేను. నన్ను మాడ్చేస్తాడు" అంది తొండ. మొదటిసారి దాని తల ఆగిపోయింది.

"అయితే నేనే వెళ్లి చెప్తాను."

మిట్టమధ్యాహ్నం. ఊళ్లో కుక్క కూడా నీడ వదిలి కదలడం లేదు. దాలమ్మ కొండ నడుం మీదున్న నల్లబండ ఎక్కింది. తల మీంచి కొంగు తీసేసింది. ముఖం పైకెత్తింది.

"ఎవరే నా ఎదుట తలెత్తింది?" అని సూర్యుడు గర్జించాడు.

"దాలమ్మని. కింద ఉన్న చేను మాది. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

"నీ ముఖం ఎలా ఉందో చూసుకున్నావా?"

"చూసుకున్నాను. ఏడ్చాను కూడా. ఏడవడం అయిపోయింది. ఇప్పుడు మాట్లాడ్డానికి వచ్చాను."

సూర్యుడికి ఇలాంటి జవాబు ఎవరూ ఇవ్వలేదు. కాస్త మెత్తబడ్డట్టు నటించాడు. "చూడు దాలమ్మా, నాకు నీ మీద కోపం లేదు. నీ పెళ్లినాటి ముఖం నీకు ఇచ్చేస్తాను. గీత లేకుండా, మచ్చ లేకుండా. నీ మొగుడు మళ్లీ నీ పక్కనే నడుస్తాడు. ఒక్కమాట అంటే చాలు. 'చేను నీదే' అను."

దాలమ్మ చెయ్యి దానంతట అదే బుగ్గ మీదికి వెళ్లింది. సింహాలు దూరంగా నడవడం గుర్తొచ్చింది. ఆ ఒక్కమాట అనేస్తే ఎంత హాయి! నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ బండ మీంచి కిందికి చూస్తే ఊరి దిగువంతా బూడిదరంగులో ఉంది. అందులో చాపంత మేర మాత్రం పచ్చగా ఉంది. అది ఆమె దోసెళ్లు పడ్డ చోటు.

"అనను" అంది దాలమ్మ.

"ఏమన్నావ్?"

"అనను అన్నాను. వినపడకపోతే ఇంకా గట్టిగా చెప్తాను. నా గొంతు పెద్దదే. అనను!"

సూర్యుడు మండిపోయాడు. ఉన్న వేడంతా ఆ ఒక్క బండ మీదే కుమ్మరించాడు. దాలమ్మ కళ్లు చిట్లించుకుంది. కంటి చివరన గీత మీద గీత పడింది. కోపంతో నొసలు ముడుచుకుపోయింది. అక్కడ నాలుగు అడ్డగీతలు లేచాయి. పెదవులు పగిలాయి. చెమట కారి, కారిన దారిలోనే ఎండిపోయింది. కాళ్ల కింద బండ కాలిన పెనంలా అయింది. ఆఖరికి ఆమె కూలబడిపోయింది.

"నిలబడలేకపోయావుగా!" అని సూర్యుడు నవ్వాడు.

"కూర్చుని కూడా కాదనొచ్చు" అంది దాలమ్మ.

అలా కూర్చునే ముఖం పైకెత్తి ఉంచింది. సూర్యుడు కాల్చాడు. ఆమె కాదంది. మళ్లీ కాల్చాడు. మళ్లీ కాదంది. ఎంతసేపు గడిచిందో, ఆమె తన పక్కన నేల మీద నల్లగా ఏదో సాగుతుండడం చూసింది. తన నీడే. ఇందాక కాళ్ల కిందే ముడుచుకుని ఉన్నది, ఇప్పుడు బండ దాటి పాకుతోంది.

దాలమ్మ పడమటి వైపు చూసింది. సూర్యుణ్ణి చూసింది. పగిలిన పెదవులతోనే నవ్వడం మొదలుపెట్టింది. నోటికి అటూ ఇటూ లోతైన గీతలు పడేంతగా నవ్వింది.

"ఎందుకే నవ్వుతున్నావు?"

"నువ్వు కిందికి జారుతున్నావు! ఎంత కాల్చినా సాయంత్రానికి నువ్వు దిగాల్సిందే. నేను దిగక్కర్లేదు. నేను ఇక్కడే ఉంటాను!"

సూర్యుడు ఆగాలని చూశాడు. ఆగలేకపోయాడు. కొండ వెనక్కి జారుతూ జారుతూ ఏదో తిట్టాడు. ఆ తిట్టు సగంలోనే ఉండగా దిగిపోయాడు.

దాలమ్మ బండ దిగి వస్తుంటే, సింహాలు ఊట నీళ్లు ముంతలో పట్టుకుని కొండ ఎక్కుతూ ఎదురొచ్చాడు. ఆమెని కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు. తరవాత ఆ ముఖం చాలాసేపు చూశాడు. పొద్దున లేని ఎన్నో గీతలు ఉన్నాయి అందులో.

"ఏం మావా, మళ్లీ వెనకాలే నడుస్తావా?" అంది దాలమ్మ.

"నడవను" అన్నాడు సింహాలు. "ఊళ్లో అన్నీ ఒకేలాంటి ముఖాలు. ఏది ఎవరిదో నాకు ఇప్పటికీ తికమకే. నీది మాత్రం ఇందాక కొండ కింద నుంచే గుర్తుపట్టాను. బండ మీద అంత ఎండలో ఎవరున్నారా అని చూస్తే, నువ్వు. నేనేమో నీడలో నిలబడి ఉన్నాను. సిగ్గేసింది దాలీ."

మర్నాడు తెల్లవారేసరికి మంచుతల్లి వచ్చింది. సింహాలు చేలో నిలబడి ఉన్నాడు. "నా దోసెడు ఆ నువ్వుమొక్కలకి పొయ్యి తల్లీ" అన్నాడు. ఆ వెనకే బంగారయ్య కోడలు బిడ్డని చంకనేసుకుని వచ్చింది. "నాదీ పొయ్యి. గింజ పండితేనే నా బిడ్డకి పాలు" అంది. కోడలు వచ్చాక బంగారయ్య ఎక్కడ దాక్కుంటాడు? ఆయనా వచ్చాడు. ఒకరి వెనక ఒకరు ఊరంతా వచ్చింది. ఒక్క రవణమ్మ తప్ప.

రవణమ్మ రోజూ తన అరుగు మీదే కూర్చునేది. నాలుగు రోజులకి ఊరందరి ముఖాల మీదా గీతలు లేచాయి. ఆమె ముఖం మాత్రం నున్నగా మెరుస్తోంది. అయినా ఆ ముఖంలో కళ లేదు.

"తుడవనా?" అని అడిగింది మంచుతల్లి.

"తుడువు, తుడువు" అంది రవణమ్మ కళ్లు మూసుకుని.

మంచుతల్లి తుడుస్తుంటే ఒక చుక్క ఆమె గడ్డం మీంచి జారి నేల మీద పడింది. "హమ్మయ్య" అని సన్నగా ఎవరో అన్నారు. రవణమ్మ కళ్లు తెరిచి వంగి చూసింది. అరుగు అంచున ఎండిపోయిన గడ్డిపరక ఒకటి, ఆ చుక్కని పట్టుకుని వణుకుతోంది.

"నువ్వా అన్నది?"

"నేనే. నేను పుట్టాక మీ ముఖం మీంచి నాకు ఒక్క చుక్కా పడలేదు. ఇదే మొదటిది."

రవణమ్మ ముఖం చిట్లించుకుంది. మంచుతల్లి చేతిలోంచి గుడ్డ లాక్కుంది. "నా అందం మట్టిగొట్టుకుపోయింది పో" అని తిట్టుకుంటూ, ఆ గుడ్డని గడ్డిపరక మీద గట్టిగా పిండింది. తరవాత చేనుకేసి నడిచింది. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉంది.

ఇక సూర్యుడు ఏం చేసినా సాగలేదు. పగలంతా చేనుని కాల్చేవాడు. తెల్లవారేసరికి వేళ్లు మళ్లీ తడిసి ఉండేవి. పోనీ మంచుకంటే ముందే లేద్దామంటే, ఆయన లేచే వేళ ఆయన చేతిలో లేదు. చాపంత పచ్చదనం పందిరంత అయింది. పందిరంతది చేనంత అయింది. నువ్వుచేను పూత పూసింది.

కొండ దాటి ఎక్కడికో పోతున్న ఒక నల్లమబ్బు ఆ పూత చూసి ఆగింది. "ఎక్కడా దిగడానికి చల్లటి చోటు దొరక్క తిరుగుతున్నాను. ఇక్కడ దిగనా?" అని అడిగింది.

"దిగు తల్లీ, దిగు!" అని ఊరంతా ఒక్కసారే అరిచింది.

మబ్బు దిగింది. వాన కురిసింది. గెడ్డ పొంగింది. బావులు నిండాయి. పిల్లలు బురదలో పొర్లారు. వాళ్లని ఎవరూ కొట్టలేదు.

వాన వెలిశాక మంచుతల్లి నిండు కడవతో, మళ్లీ ఒక పక్కకి ఒరిగి నడుస్తూ వచ్చింది. "నీళ్లకి లోటు లేదు. మళ్లీ మీ ముఖాలు తుడవమంటారా? పాత గీతలు కూడా పోతాయి" అని అడిగింది.

అందరూ దాలమ్మ వైపు చూశారు. దాలమ్మ గట్టు వైపు చూసింది. నువ్వుమొక్కలు, పసుపు, దోసపాదు, కలబంద, గట్టు మీది గడ్డి, అన్నీ తలలెత్తి మంచుతల్లి కడవకేసి చూస్తున్నాయి.

"వద్దు తల్లీ" అంది దాలమ్మ. "కష్టంలో మాకోసం బతికాయి ఇవి. ఇప్పుడు వాటి నోటి దగ్గరి నీళ్లు లాక్కుని ముఖం కడుక్కోమంటావా? నేను కడుక్కోను."

"నీకేం, అంటావు!" అంది రవణమ్మ. "నీకు ముఖమంటే మొదటినుంచీ లెక్కలేదు. నాకుంది. నా గీతలు చూస్తే నాకు ఏడుపొస్తోంది. ఇచ్చింది వెనక్కి అడగను. కానీ ఏడుపొస్తోందని చెప్పడానికి కూడా వీల్లేదా?"

దాలమ్మ వెళ్లి వదిన పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది.

అప్పుడు దోసపాదు మెల్లగా అంది. "రవణమ్మా, మీరంతా పోసిన నీళ్లు నా కాయలో దాచి ఉంచాను. కోసి ముఖం మీద పెట్టుకో. చల్లగా ఉంటుంది."

"నా మట్టలోనూ ఉన్నాయి. చీల్చి గుజ్జు రాసుకో" అంది కలబంద.

"నా గింజ ఆడితే నూనె వస్తుంది. పడుకోబోయేముందు మర్దన చేసుకో" అంది నువ్వుమొక్క.

"నన్ను మీగడలో కలుపు" అంది పసుపు. "ఒక్కమాట మాత్రం ముందే చెప్తున్నాం. మాలో ఉన్నది మీ దోసెడు నీళ్లే. వాటితో గీతలు తగ్గుతాయి, ఆలస్యంగా వస్తాయి. పూర్తిగా తుడిచెయ్యడం మావల్ల కాదు."

రవణమ్మ కళ్లు తుడుచుకుని, "ఏ కాయ ముందు కోయను?" అని అడిగింది.

మబ్బు సందులోంచి సూర్యుడు ఇదంతా చూస్తున్నాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం ఆయనకి చేతకాదు. "దాలమ్మా! రోజూ ఈ దారినే పోతాను. పోయినప్పుడల్లా నీ ముఖం మీద, నీ పిల్లల ముఖాల మీద, వాళ్ల పిల్లల ముఖాల మీద గీస్తూనే ఉంటాను!" అని అరిచాడు.

"గీసుకో!" అని దాలమ్మ అంతకంటే పెద్దగా అరిచింది. "చేను మాత్రం మాదే!"

అప్పటినుంచే మంచు మనుషుల ముఖాలు వదిలేసి, ఆకుల మీదా గడ్డిపరకల మీదా వాలుతోంది. అప్పటినుంచే ఎండలో తిరిగేవాళ్ల కంటి చివర, ఆలోచించేవాళ్ల నొసటి మీద, బాగా నవ్వేవాళ్ల నోటి పక్కన ముడతలు పడుతున్నాయి. దోసముక్క పెట్టుకున్నా, కలబంద గుజ్జు రాసుకున్నా, నువ్వులనూనె మర్దన చేసుకున్నా, తలకి కొంగు కప్పుకుని నీడన నడిచినా అవి కాస్త తగ్గుతాయి, కాస్త ఆలస్యంగా వస్తాయి. రావడం మాత్రం మానవు. సూర్యుడు రోజూ వచ్చి గీస్తూనే ఉన్నాడు. మనుషులు రోజూ చేలోకి వెళ్తూనే ఉన్నారు.